కావడి నడిమి చుక్క

మా చిన్నాయన పోయి రెండు నెలలు దాటింది. పుష్యమాసంలో, సిరిసిల్లలో తన రెండు గదుల ఇంట్లోనే, మధ్యాహ్నం పూట పోయాడు. దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఈ నాలుగు మాటలు అప్పుడే రాయవలసింది. రాయలేకపోయాను. ఎందుకో కూడా చెబుతాను.

ఆయన, చిన్నమ్మ తోడుగా, ఇంట్లోనే సాంచాలు నడిపేవాడు. రోజంతా ఆ మరమగ్గాల మోతే. కరెంటు పోతే మోత ఆగేది. చెవుల్లో పేరుకున్న దూది పీచు దులుపుకుంటూ మిద్దె ఎక్కేవాడు. ఆయనకు పిల్లలు లేరు. జగిత్యాల నుంచి సెలవులకు వచ్చిన మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం వెనకే ఎక్కేవాళ్లం.

చలికాలం సాయంత్రాల్లో తూర్పున మూడు చుక్కలు వరుసగా లేచేవి. గొల్లకావడి.

"నడిమిది గొల్లాయన. అటొక కుండ, ఇటొక కుండ. గా నడిమిది నీలిచుక్క బిడ్డా. మన సూర్యుడు దాని ముంగట మిణుగురు పురుగు."

"తెల్లగనే ఉన్నది గదా చిన్నాయనా," అనేది మా చిన్న చెల్లె.

"నీకు సోడాబుడ్డి అద్దాలు పెట్టియ్యాలె!"

మస్కట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చాక ఆ చుక్కకు పేర్లు పెరిగాయి. అరబ్బులు దాన్ని ముత్యాలదండ అంటారట. ఆయనతో ఒకే గదిలో ఉన్న రాయికల్ ఊరి క్రైస్తవుడు ఆ మూడింటినీ ఏసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులు అనేవాడట. మన అయ్యగార్లకు ఆ మూడూ మృగశిర జింకకు గుచ్చుకున్న బాణం.

"పేర్లన్ని మనయే. చుక్కకేం ఎరుక?" అనేవాడు. నా పూజలు, నియమాలు చూసి, "దండం పెట్టు పెద్దబిడ్డా, భయపడకు," అనేవాడు. ఆ రెండో మాట నాకు పట్టుబడలేదు.

ఆ రోజు చిన్నమ్మ, మంచంలో ఉన్న చిన్నాయనను నాకు అప్పగించి, నేసిన బట్ట ఇవ్వడానికి నూలు ఇచ్చే సేటు ఇంటికి వెళ్లింది. పన్నెండుంపావుకు చిన్నాయన ఊపిరి ఆగింది. తులసినీళ్లు పోశాను. కళ్లు మూశాను. ఆ తర్వాత పంచాంగం తీశాను. పన్నెండూ నలభై వరకు మృగశిర నక్షత్రం ఉంది.

మృగశిరలో ప్రాణం పోతే రెండు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. తాళం వేసి అందరూ బయటికి వెళ్లాలి. తాళం పడితే సాంచాలు ఆగుతాయి. సేటు నూలు చుట్టిన బీములు ఇంకో ఇంటికి ఇచ్చేస్తాడు, మళ్లీ ఇవ్వడు. చిన్నమ్మకు మిగిలింది ఆ పని ఒక్కటే.

ఎవరినీ పిలవలేదు. చల్లబడుతున్న ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటా పదికి చిన్నమ్మ వచ్చింది, సంచి నిండా చిక్కుడుకాయలతో.

"ఇప్పుడే పోయిండు చిన్నమ్మా," అన్నాను.

అయ్యగారు ఫోనులో అడిగారు: "ప్రాణం ఎన్నిగంటలకు పోయిందమ్మా?"

"ఒంటిగంటకు."

"అయితే ఆరుద్ర వచ్చింది. దోషం లేదు."

పెద్దక్కనైన నేను అబద్ధమాడనని మా ఇంట్లో నమ్మకం. ఎవరూ రెండోసారి అడగలేదు.

ఇల్లు నిలిచింది. చిన్నమ్మ మనసే నిలవలేదు. కోరుట్లలో ఉన్న నాకు ఎప్పుడు ఫోను చేసినా అదే మాట: "చిక్కుడుకాయల బండికాడ బేరం చేసుకుంట నిలవడ్డ బిడ్డా. గా పది నిమిషాలు నిలవడకపోతే ఆయన్ని చూద్దును."

దీపం ముందు కూర్చుంటే జపమాల పూసలు తప్పేవి. లేచి వాకిట్లోకి వెళ్లేదాన్ని, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. నిజం చెబితే ఆమె ఆ పూటే తాళం వేస్తుంది, నాకంటే నియమం మనిషి. చెప్పకపోతే ఆ బండి దగ్గరే ఉండిపోతుంది.

ఇల్లు పాడుపెట్టవలసిన రెండు నెలలు నిండిన మర్నాడు సిరిసిల్ల వెళ్లాను. పొద్దుగూకింది. సాంచాల మోతలో మాట వినపడదని చిన్నమ్మను వాకిట్లోకి పిలిచి అంతా చెప్పాను.

"పన్నెండుంపావుకా?"

"అవును చిన్నమ్మా. తప్పు నాదే."

ఆమె కాసేపు లెక్క చూసుకుంది. "గప్పుడు నేనింక సేటు ఇంటికాడ బట్ట కొలిపిస్తున్న. అంటే... ఉరికచ్చినా అందకపోదునా?"

"అందకపోదువు."

"నీ నోటెంట అబద్ధమా, పెద్దబిడ్డా!" అంది. తిట్టిందో, మరేమిటో తెలియలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన మీకు చూపెట్టిన చుక్క ఏది? నేనెన్నడు చూడలే. కరెంటు పోయినప్పుడే గదా నాకు వంటకు తీరేది."

రెండు మిద్దెల నడుమ, కరెంటు తీగలకు పైన చూపించాను. చిన్నమ్మ తలెత్తి నిలబడింది. లోపల దారం తెగి ఒక సాంచె ఆగింది. దారం అతకడానికి ఆమె కదలలేదు.