ఇంజను మీద మూత

మా తమ్ముడి ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక తొడుగు ఉండేది. టీవీకి పూల గుడ్డ, మిక్సీకి అంచులు కుట్టిన గుడ్డ, రిమోటుకి ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి అంకెలు కనపడక వాడు ఛానెల్ మార్చాలన్నప్పుడల్లా కళ్ళజోడు వెతుక్కునేవాడు. అలాంటివాడు 2006 దసరాకి తెనాలిలో కొత్త కారు కొన్నాడు. పూజకి రమ్మని ఫోను చేశాడు. దానికి ఎన్ని తొడుగులుంటాయో బాపట్లలో బయల్దేరకముందే ఊహించుకున్నాను. నా ఊహ చాల్లేదు. సీట్ల మీద షోరూంలో వేసిన పాలిథీను కాగితం అలాగే ఉంది. చివరికి గేరు కర్రకి కూడా ఒక ఊలు టోపీ తొడిగారు.

నేను నా అంబాసిడర్‌లో వెళ్ళాను. అది మా ఆయన ఉన్నప్పుడు కొన్నది. బళ్ళో లెక్కలు చెబుతూనే దాన్ని నడపడం నేర్చుకున్నాను. ఆయన పోయాక కూడా నేనే నడుపుకుంటున్నాను. బానెట్ ఎత్తితే అందులో ఉన్నవన్నీ కనపడతాయి. రేడియేటరు, ఫ్యాను, బెల్టు, కార్బొరేటరు, నాలుగు ప్లగ్గులు, వాటికి నాలుగు వైర్లు. చుట్టూ ఎంత ఖాళీ అంటే చేతిలోంచి జారిన స్పానరు నేల మీద పడి మోగుతుంది. ఏ భాగం ఏ తారీఖున మార్పించానో బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాసి పెడతాను. బయల్దేరే ముందు ప్రతిసారీ బానెట్ ఎత్తి చూస్తాను. అన్నం వార్చేటప్పుడు మెతుకు పట్టి చూడని ఆడదాన్ని నేను నమ్మను. ఇంజను చూడకుండా కారెక్కే మగవాణ్ణి అసలు నమ్మను.

పురోహితుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, "బానెట్ ఎత్తండి బాబూ, ఇంజనుకి బొట్టు పెట్టాలి" అన్నాడు. తమ్ముడు పట్టుచీర మడత విప్పే బట్టల కొట్టు గుమాస్తాలాగా మెల్లగా ఎత్తాడు. లోపల నల్లటి ప్లాస్టిక్ పలక ఒకటి, దాని మధ్యలో వెండిరంగు అక్షరాలు. ఇంకేమీ లేదు.

"ఇంజనేదిరా?" అన్నాను.

"ఎదురుగా కనపడుతుంటే ఏదంటావేంటక్కా!"

"అది మూత."

"మూత కాదు, కవరు. ఇప్పటి కార్లు నీ కారులాగా పేగులు బయటేసుకుని తిరగవు."

వచ్చినవాళ్ళందరూ నవ్వారు. పురోహితుడు ఆ మూతకే గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మందార పువ్వు ఉంచి మంత్రం చదివాడు. ఇంజను కింద ఎక్కడో బొట్టు లేకుండా ఉండిపోయింది. తర్వాత అక్షింతల వంతు వచ్చింది. ఇంటి జనం, ఇరుగుపొరుగు, బ్యాంకులో తమ్ముడి కింద పనిచేసేవాళ్ళు అందరూ తలా గుప్పెడు వేశారు. మా మరదలు పళ్ళెంలో మిగిలినవి కూడా ఒక్కసారిగా గుమ్మరించింది. ప్లాస్టిక్ నున్నగా ఉండటంతో పసుపు బియ్యం జరజరా జారి, అంచుల సందుల్లోంచి లోపలికి పోయింది.

"ఆ గింజలన్నీ ఎటు పోతున్నాయిరా?" అన్నాను.

"దేవుడికి పోతున్నాయి. నువ్వు ఊరుకో అక్కా" అన్నాడు.

నా కారుకి వేసిన అక్షింతలు అదే సాయంత్రం గుడ్డతో తుడిచి పిచ్చుకలకి వేస్తాను. వాడి కారులో పడినవి ఎవరికీ కనపడలేదు కాబట్టి ఎవరూ తీయలేదు. వాడి ఇల్లు కొలకలూరు వైపు ఊరి చివర. పెరటి గోడ దాటితే వరి చేలే.

మార్గశిరంలో మా రెండో చెల్లెలి కూతురి పెళ్ళి రేపల్లెలో కుదిరింది. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకొస్తాడు. ఆ పిల్లకి ఉన్నది ఒక్కడే మేనమామ, మా తమ్ముడు. పుట్టినప్పటినుంచీ దాన్ని భుజాల మీద మోసినవాడు కూడా వాడే. ముహూర్తం పగలు పదకొండు దాటాక. నేను ముందురోజే తెనాలి చేరాను. నా కారుని చూసిన వెంటనే వాడు పెద్ద టార్పాలిన్ తెచ్చి దాని మీద కప్పాడు.

"మంచు పడుతుంది కదక్కా" అన్నాడు. మంచు కోసం కాదు, ఎదురింటివాళ్ళ కోసం అని నాకు తెలుసు.

పొద్దున్నే నా కారులో వెళ్దామన్నాను. "మేనమామ పాత డబ్బాలో దిగితే మగపెళ్ళివారు ఏమనుకుంటారు?" అన్నాడు. మరదలు ముందు సీట్లో కూర్చుంది, నేను సరేనని కొత్తదాన్లోనే వెనక కూర్చున్నాను. పాలిథీను మీద పట్టుచీర నిలవదు. వేమూరు వెళ్ళేదాకా మలుపు వచ్చినప్పుడల్లా నేను ఒక తలుపు దగ్గర్నుంచి రెండో తలుపు దగ్గరికి జారుతూనే ఉన్నాను.

వేమూరు దాటాక స్టీరింగు వెనక పసుపు దీపం ఒకటి వెలిగింది.

"అదేంట్రా?"

"సర్వీసు లైటు. కిలోమీటర్లు అయ్యాయని గుర్తు చేస్తుంది."

"వెలిగితే దిగి చూడవా?"

"చూడటానికేముందక్కా? అన్నీ లోపల కంప్యూటరే చూసుకుంటుంది."

కారు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది. భట్టిప్రోలు ఇంకా రాకముందే, కాలవ గట్టున ఆగిపోయింది. కొత్త కారుకి శబ్దం తక్కువ అని వాడు చెప్పిన మాట నిజమే. ఆగిపోయినప్పుడు కూడా ఏ శబ్దమూ చెయ్యలేదు.

వాడు దిగి బానెట్ ఎత్తాడు. ఎత్తి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దసరా నాటి బొట్టు మూత మీద ఎండి పెచ్చులూడుతోంది. వాడు దాన్ని చూశాడు, అది వాణ్ణి చూసింది. షోరూముకి ఫోను చేస్తే, ఏదీ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది, సాయంత్రానికి బండి పంపి లాగించుకుంటాం అన్నారట. ఆ ఫోను పెట్టెయ్యగానే చెల్లెలు చేసింది. దాని గొంతు నాకు కూడా వినపడింది.

"ఎక్కడున్నార్రా? బుట్ట తెచ్చి పెట్టారు. పిల్ల నీకోసం గుమ్మంలోకి చూస్తోంది!"

"వచ్చేస్తున్నా" అన్నాడు, ఎలా వచ్చేస్తాడో వాడికే తెలియదు.

"ఆ మూత తియ్యి" అన్నాను.

"గ్యారంటీ పోతుందక్కా."

"ముహూర్తానికి గ్యారంటీ ఎవరిచ్చార్రా నీకు?"

వాడు కదల్లేదు. నేనే కొంగు దోపుకుని, రెండు మూలలు పట్టుకుని పైకి లాగాను. ఏ మరమేకూ లేదు, ఏ తాళమూ లేదు. ఆవకాయ జాడీ మీద మూత అంతకన్నా గట్టిగా ఉంటుంది. రెండు నెలలు దణ్ణం పెట్టుకున్నవాడికి అది ఊడి వస్తుందని తెలియదు.

కింద ఎలకల గూడు. మూత అడుగున అతికించిన స్పాంజిని పీలికలు చేసి, వరి ఊక, గడ్డి పరకలు చేర్చి, ఇంజను వెచ్చదనంలో చక్కగా కాపురం పెట్టాయి. చుట్టూ సగం సగం కొరికిన పసుపు గింజలు. గింజలు అయిపోయాక కాబోలు, వైర్ల మీద పడ్డాయి. రెండు వైర్లు రాగి బయటపడి తెగి ఉన్నాయి.

"అయ్యో, అవి మన అక్షింతలండీ!" అంది మరదలు. చెంపలేసుకుని, "ఎలక వినాయకుడి వాహనమే కదా వదినా, అశుభమేం కాదులెండి" అంది.

"అది ఆయన్ని మోస్తుందమ్మా. మనల్ని మొయ్యదు" అన్నాను.

నేనేమీ ఆ వైర్లు కలిపి కారు నడిపించలేదు. అది నా వల్ల అయ్యే పని కాదు. రోడ్డుకి అడ్డం నిలబడి, కోత కూలీలతో వస్తున్న ఆటోని ఆపాను.

"ఖాళీ లేదు మామ్మా" అన్నాడు ఆటో అబ్బాయి.

"పెళ్ళికూతురి మేనమామయ్యా. రేపల్లెలో బుట్ట పెట్టుకుని కూర్చున్నారు."

వెనక కూర్చున్న ఒకావిడ గట్టిగా అంది: "మేనమామంటనే, జరగండే! మేనమామ లేకుండా పెళ్ళెట్టా అయిద్ది? ఇట్రా పిన్నీ, నా ఒళ్ళో కూచుందువు గానీ."

ముగ్గురమూ ఎక్కాం. మేనమామ దర్జా అంతా డ్రైవరు పక్కన, ఒక తొడ సీటు మీద, ఒక తొడ గాలిలో. పట్టు కండువాకి ఊక అంటుకుంది. కూలీలు భట్టిప్రోలులో దిగిపోతూ, "వచ్చేటప్పుడు మాకు లడ్లు తే బాబాయ్" అన్నారు. వాడు తల ఊపాడు.

మేం రేపల్లెలో దిగేసరికి పురోహితుడు, "మేనమామ వరసయ్యేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడుగుతున్నాడు. దూరపు చుట్టం ఒకడు అప్పటికే పంచె ఎగ్గట్టాడు కూడా. తమ్ముడు చెప్పులు ఎక్కడో వదిలేసి పరిగెత్తాడు. వాణ్ణి చూసి పిల్ల బుట్టలోనే ఏడ్చి నవ్వింది. "లావయ్యానా మావయ్యా?" అని అడగడం విన్నాను. "నోర్మూసుకుని గట్టిగా పట్టుకో" అని ఎత్తుకున్నాడు. ఆ నాలుగడుగులూ బాగా నడిచాడు. వాడిలో నేను తప్పుపట్టనిది ఆ రోజు అదొక్కటే.

తర్వాత అక్షింతల పళ్ళెం మా వరసకి వచ్చింది. వాడు గుప్పెడు తీసుకుని, అరచేతిలోకి చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు రైల్లో తెనాలి వచ్చాం. నేను టార్పాలిన్ లాగేసి, అలవాటు ప్రకారం బానెట్ ఎత్తాను. వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ కారు లోపలికి వాడు తొంగిచూడటం అదే మొదలు. పైన తెల్ల పెయింటు తారీఖులు వేలు పెట్టి చదివాడు.

"అక్కా, దీంట్లోకి ఎలకలు రావా?"

"ఎందుకు రావు? వస్తాయి. మర్నాడు బానెట్ ఎత్తగానే కనపడతాయి."

"ఊఁ" అన్నాడు.

బుద్ధి వచ్చిందనుకున్నాను. నాదే పొరపాటు లెక్క. షోరూంవాళ్ళు వైర్లు మార్చి, గ్యారంటీలోకి ఎలకలు రావని చెప్పి, కొత్త మూత బిగించి పంపారు. మరుసటి దసరాకి మళ్ళీ ఫోను చేశాడు, పూజకి రమ్మని.

"మూత తీసి పెడతారా బొట్టు?" అన్నాను.

"కొత్తది కదక్కా, గీతలు పడతాయి."

"మరి అక్షింతలు?"

"ఈసారి సీట్ల మీద వేస్తాం. పాలిథీను ఉందిగా, ఊడ్చుకోవచ్చు."

నాకు ఆ రోజు వీలుపడదని చెప్పి ఫోను పెట్టేశాను. బయటికి వెళ్ళి నా ఇంజనుకి నేనే బొట్టు పెట్టుకున్నాను.