ఎత్తకూడని ఫోను

పక్కింటి అవ్వ పోయిన సంగతి నాకు మా వీధి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఫోను తీస్తే ఆమె ఫొటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ గ్రూపులో అవ్వ ఎప్పుడూ లేదు. ఆమెది బటన్ల ఫోను. కొంగులో ముడేసుకుని తిరిగేది.

మా అమ్మ పోయాక నాకు కూడు పెట్టిన మనిషి ఆమె. మా ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. పాకాలలో బస్సు దిగగానే నేను రెండు రింగులిచ్చి కట్ చేస్తాను, ఆమె ఎసరు పెడుతుంది. ఆమె నుంచి మూడు రింగులొస్తే పని వదిలేసి రమ్మని. కొత్తలో ఒకసారి పొరపాటున ఎత్తి నన్నే తిట్టింది: "నీ దుడ్లు పోతాయి గదరా, పెట్టేయ్!"

తర్వాత అందరం నెట్‌లో మాట్లాడుకోవడం మరిగాం. మాటల మీద రాబడి పోయేసరికి కంపెనీలు దాన్ని నెట్ ప్యాకుల్లో పిండుకున్నాయి. ప్యాకు వేయకపోతే వచ్చే ఫోన్లు కూడా ఆపేస్తారు. నెట్ ముఖం చూడని ముసలామె కూడా నెట్ కొనాల్సిందే. దీన్ని వ్యాపారం అంటారా?

సిమ్ము అమ్మిన రోజు జీవితకాలం ఫోన్లు వస్తాయన్నారు. అవ్వ రీఛార్జి అంగట్లో కొట్లాడింది.

"జీవితకాలం అన్యారు గదప్పా. నేనింకా బతికే ఉండాను గదా?"

"రూలు మారిపోయిందవ్వా."

"నన్నడిగి మార్చినారా?"

నేను వేయిస్తానంటే, "వేసినావంటే నీకు సంగటి పెట్టను, పో" అంది. రీఛార్జి చేయించుకోమని ఫోనులో వచ్చే రికార్డు గొంతుతో కూడా వాదించేది: "ఉండమ్మే, నా మాట ఇను!"

పోయిన రోజు పొద్దున అవ్వ రొమ్ము పట్టుకుని గడపలో కూలబడిందట. ఎదురింటామె చెప్పింది: "నీకే చేస్తా ఉన్నిందప్పా. నొక్కినప్పుడల్లా ఆ ఆడమనిషి గొంతే. నేను ఆటో పిల్చుకొచ్చే లోపలే అయిపోయినాది."

ఎవరూ ఎత్తనక్కర్లేని మూడు రింగులు. వాటిని కూడా బయటికి పోనివ్వలేదు. దండాల బొమ్మలు మాత్రం ఎన్నైనా ఊరికే పోతాయి.

నిన్న బస్సు దిగి, అలవాటు కొద్దీ ఆమె నంబరు నొక్కాను. అదే గొంతు.

"ఉండమ్మే, నా మాట ఇను" అన్నాను గట్టిగా.

బస్టాండులో జనం తిరిగి చూశారు. ఆ గొంతు మాత్రం తన పాఠం తాను చెప్పుకుంటూనే పోయింది.