కాలువకు తీసుకెళ్లని మనిషి

ఇది కొన్నేళ్లుగా నా లోపలే ఉండిపోయిన మాట. బరువు అంటారే, అదే. మొదట్లో ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చేది. ఇప్పుడు ఎండలు మొదలై, సాగర్ కాలువ బందు చేసే రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, రోజూ గుర్తొస్తుంది. నా భర్తకు చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి చెప్పాను. దేవుడికి చెప్పడం సులభం, ఆయన తిరిగి ఏమీ అడగడు. మనిషికి చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. వినండి, చాలు.

నేను టీచర్ని. కోదాడ వైపు బళ్లలో పనిచేసి, రిటైరయ్యాక మిర్యాలగూడలో ఇల్లు కట్టుకున్నాం. ఏర్పాట్లు చేయడమంటే నాకు పిచ్చి. బడిలో జెండా పండగైనా, చర్చిలో క్రిస్మస్ అయినా కుర్చీలు ఎక్కడ వేయాలి, మంచినీళ్లు ఎక్కడ పెట్టాలి, నేనే చూడాలి. ఇంకొకరు చేస్తే నాకు తిన్నది అరగదు. అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పుకు నేను ఎంత అలవాటు పడ్డానో అప్పుడు తెలియలేదు.

రాహేలమ్మ పెద్దమ్మ మా చర్చిలో అందరికంటే ముసలామె. రైస్ మిల్లులో వడ్లు ఎండబోసే పనికి పోయీ పోయీ నడుము వంగిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు. కూతురు మేళ్లచెరువులో ఉండేది, అల్లుడికి అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఈమె మాత్రం మిల్లుల వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, చేతికర్ర సాయంతో తన వంట తానే చేసుకునేది. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చునేది. చదువు రాదు కాబట్టి పాట నేను చరణం చరణం చెవిలో చెబితే వెనకే అందుకునేది. గొంతు మాత్రం ఖంగుమనేది.

ఒక ఆదివారం తన సంగతి చెప్పింది. పెళ్లయిన కొత్తలో సాగర్ ఎడమ కాలువ తవ్వుతుంటే మొగుడితో పాటు పోయి మట్టి తట్టలు మోసిందట. "నీళ్లిడిసిన నాడు సూద్దమంటే నాకు పురుటి నొప్పులొచ్చినయి టీచరమ్మా. ఇగ గంతే. బస్సుల పోంగ రాంగ సూసుడే గని దిగింది లేదు. నేను మోసిన మట్టిల పారే నీళ్లు నా కాలికి ఒక్కనాడన్న తగల్లే." నవ్వుతూనే చెప్పింది. 

అలా పుట్టింది మా ట్రిప్పు. ఈస్టర్ మరునాడు చర్చిలోని పెద్దవాళ్లందరినీ ఒక్క పూట కాలువ గట్టుకు తీసుకుపోవాలి. వేములపల్లి దాటాక కాలువ పక్కనే తెలిసినవాళ్ల మామిడి తోట ఉంది. నేనూ మా ఆయనా స్కూటరు మీద ముందే పోయి చూసొచ్చాం. మెట్టు ఎత్తు తక్కువున్న మినీ బస్సు మాట్లాడాను. ఆ మెట్టు కూడా ఎక్కలేనివాళ్లకు ఒక పీట. ఎండ ముదరకముందే పోవడం, నీడలో కుర్చీలు, భోజనం తర్వాత నడుం వాల్చడానికి చాపలు, తోటలో మోటారు గది పక్కనే బాత్రూము, చల్లపడ్డాక తిరుగు ప్రయాణం. మజ్జిగలో ఉప్పు ఎంత వేయాలో, బీపీ ఉన్నవాళ్లకు వేరే గిన్నె కావాలో వద్దో కూడా ఆలోచించాను. గట్టు దగ్గర నాలుగు మెట్లున్నాయి. పట్టుకుని దిగడానికి ఒక తాడు కట్టించాను. చివరి మెట్టు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, అందులో కూర్చున్న మనిషి పాదాలు సరిగ్గా నీళ్లలో ఉంటాయి. ఆ కుర్చీ ఎవరి కోసమో మీకు చెప్పక్కర్లేదు కదా.

మరి ఏమైంది? ఏమీ కాలేదు. అదే కదా నా ఏడుపు. పెద్ద కారణం ఒకటి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకుని ఉండేదాన్ని.

గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల ఆరాధన పొద్దు వాలేదాకా సాగుతుంది. మధ్యలో లేస్తే బాగుండదని పెద్దమ్మ లేవలేదు. ఆపుకోలేకపోయింది. బెంచీ తడిసింది, చీర తడిసింది, కింద నా బ్యాగు కూడా తడిసింది. ఆమెకు వెంటనే తెలియను కూడా లేదు. నేనే చెయ్యి పట్టి బయటికి తీసుకుపోయాను. వెనక బెంచీల్లో ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆరాధన అయ్యాక ఒకామె నా దగ్గరికొచ్చి మెల్లగా ఒక ప్రశ్న వేసింది, "బస్సుల ఆమె పక్కన ఎవరు కూసుంటరు టీచర్?" తీసుకురావద్దని ఎవరూ అనలేదు. ఆ మాట గుర్తుంచుకోండి. ఎవరూ అనలేదు.

నేను కూర్చుంటాను అంటే సరిపోయేది. ఒక రబ్బరు షీటు, రెండు జతల బట్టలు, దారిలో ఒకచోట బస్సు ఆపడం. అన్ని ఏర్పాట్లు చేసినదానికి ఈ ఏర్పాటు చేతకాలేదా? చేతనయ్యేది. కానీ నా కళ్ల ముందు తడిసిన సీటు కనిపించింది, ముక్కు మూసుకున్న మొహాలు కనిపించాయి, నా ట్రిప్పు పాడైపోవడం కనిపించింది. నా ట్రిప్పు! ఎవరి కోసం మొదలుపెట్టానో ఆ మనిషినే దించేసి, దాన్ని నాదనుకున్నాను. ఛీ.

శనివారం ఆమె గదికి పోయాను. గుమ్మం పక్కన మేకుకు ఒక సంచి తగిలించి ఉంది. అందులో ఉతికి మడత పెట్టిన చీర, తువ్వాలు. రేపు రాత్రికి చింతపండు నానబెట్టి సోమవారం పొద్దున్నే పులిహోర చేస్తానంది, అందరికీ తలా పిడికెడు. ఎండలు ముదిరాయి పెద్దమ్మా, బస్సు ఆయన రానన్నాడు, ట్రిప్పు ఆగిపోయింది అని చెప్పాను. తడబడలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ వెంటనే నా చెయ్యి పట్టుకుని నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది. ఎంత కష్టపడ్డావో బిడ్డా, ఫికర్ చేయకు, కాలువ యాడికి పోతది, మళ్లేడు పోదాం అంది. నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. తాగాను. తాగి, ఇంటికి వచ్చి, బస్సు చర్చి దగ్గర కాకుండా బస్టాండు అవతల ఆగేలా ఫోన్లు చేశాను. ఆమె సందు మీదుగా బస్సు పోకూడదు కదా. మరునాడు ఈస్టరు ఆరాధన అవగానే, ఎవరూ ట్రిప్పు మాట ఎత్తకముందే ఆమెను నేనే ఆటో ఎక్కించి పంపాను.

ట్రిప్పు చాలా బాగా జరిగింది. అది కూడా చెప్పాలి. మామిడి చెట్ల కింద గాలి, నిండుగా కాలువ. పాస్టరు అయ్యగారు మామిడికాయ పప్పు రెండోసారి వేయించుకున్నారు. పెద్దమ్మ ఏదని ఎవరూ అడగలేదు. చివరి మెట్టు మీద కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో నన్నే కూర్చోమన్నారు. ఇంత కష్టపడ్డావు, నువ్వే కూర్చో అన్నారు. కూర్చున్నాను. పాదాలు నీళ్లలో పెట్టాను. ప్రాణం లేచొచ్చింది. ఆ హాయిలో ఆమె నాకు గుర్తుకు రాలేదు. అబద్ధం కన్నా ఇదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, సంగతి అక్కడితో ఖతం అనుకున్నాను. తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. మా చర్చిలో ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చు, ప్రార్థన కోరుకోవచ్చు. రాహేలమ్మ పెద్దమ్మ కర్ర మీద బరువు వేసి లేచింది. "మా ముసలోళ్ల కోసం టీచరమ్మ శానా ఏర్పాటు జేసింది. ఎండకు ఆగిపాయె. ఆమె మనసు శానా చిన్నబోయింది. మీరందరు ఆమె కోసం ప్రార్థన జేయుర్రి" అంది.

మా దగ్గర సాక్ష్యం అయిపోగానే అందరూ "ఆమెన్" అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు. ట్రిప్పుకు వచ్చినవాళ్లు నిండా ఉన్నారు. ఒకామె కొంగు సర్దుకుంది. ఒకాయన బైబిలు తెరిచి పేజీలు తిప్పాడు. అయ్యగారు నా వైపు చూసి, కళ్లు మూసుకుని, నన్ను ఆదరించమని దేవుణ్ని అడిగారు.  పెద్దమ్మ నిలబడే ఉంది. ఆమెన్ కోసం చూస్తోంది. ఒక్కొక్కరి వైపు తిరిగి చూసింది. తర్వాత మెల్లగా కూర్చుంది. తర్వాతి పాట నేను చెవిలో చెప్పాను. ఆమె అందుకోలేదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నా భుజం పట్టుకుంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"నీళ్లు సల్లగున్నయా, టీచరమ్మా?"

నేనేమన్నానో తెలుసా?

"ఏ నీళ్లు, పెద్దమ్మా?"

ఆమె నా మొహం కేసి కాసేపు చూసింది. "ఏం లే బిడ్డా" అని కర్ర తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత నుంచి చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చునేది. నేను పలకరిస్తే పలికేది. నేను పులిహోర పంపితే గిన్నె కడిగి తిరిగి పంపేది. అంతకుమించి ఏమీ లేదు.

మళ్లేడు అనేది రాలేదు. చలికాలంలో కూతురు వచ్చి మేళ్లచెరువు తీసుకుపోయింది. అక్కడే పోయింది. భూస్థాపనకు నేనూ పోయాను. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమంటే లేచి, చాలా మంచి గొంతు అని చెప్పి కూర్చున్నాను. అక్కడైనా చెప్పొచ్చు కదా? సమాధి మీద మట్టి వేస్తుంటే అందరితో పాటు నేనూ పిడికెడు వేశాను. ఆమె తట్టలకొద్దీ మోసిన మట్టే గుర్తొచ్చింది. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఆ తర్వాత నేను ఏ ట్రిప్పూ పెట్టలేదు. ఓపిక తగ్గిందని చెబుతాను. అందరూ నమ్ముతారు. ఆ రోజు బస్సులో వచ్చినవాళ్లు ఎవరూ ఇన్నేళ్లలో నాతో ఈ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, ఆ హక్కున్న మనిషి లేదు. ఆమె అడిగినదానికి నేను జవాబు ఇవ్వలేదు, అంతే. ఆలస్యమైనా ఇప్పుడు ఇస్తున్నాను.

కాలువ నీళ్లు, పెద్దమ్మా. చల్లగానే ఉన్నాయి. నీ కుర్చీలో నేనే కూర్చున్నాను. నిన్ను కావాలనే తీసుకుపోలేదు.