సీటు కింద తీగ

నేను ఇరవై రెండేళ్ళు టాక్సీ నడిపాను. నిజామాబాద్ స్టేషన్ ముందర నా బండి ఉండేది. ఎందరో రోగులను ఆసుపత్రికి చేర్చాను, శవాలను ఊళ్ళకు చేర్చాను. బోధన్ రోడ్డులో ఫలానా మలుపు మంచిది కాదని, అక్కడ ఒక ఆడమనిషి చెయ్యెత్తి బండి ఆపుతుందని తోటి డ్రైవర్లు చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ మలుపులో బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో నీళ్ళు పోసి, బీడీ కాల్చుకుని వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. నాకు ఎవరూ కనబడలేదు.

ఇప్పుడు కూడా ఎవరో కనబడ్డారని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

నా పేరు గంగారాం. మాది జక్రాన్‌పల్లి దగ్గర పసుపు పండించే ఇల్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు మా చిన్నప్పుడే పోయాడు. తమ్ముడు లింబాద్రి నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. పొలం మా చిన్నాయనకు వదిలి, అవ్వను, తమ్ముణ్ణి తీసుకుని నేను టౌనుకు వచ్చాను. కంఠేశ్వర్‌లో చిన్న ఇల్లు. నేను డ్రైవింగ్ నేర్చుకుంటే, వాడు ఆయిల్ ఇంజన్ల పని నేర్చుకున్నాడు. బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల్లో బావుల మీద ఇంజన్ ఆగిపోతే వాడికే కబురు. సైకిల్‌కు సామాన్ల సంచి తగిలించుకుని పోయేవాడు. ఎంత మొండి ఇనుమైనా వాడి చేతిలో మాట వినేది.

అట్లా పనికి పోయిన ఒక ఊళ్ళో శాంత అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. వాళ్ళు మెథడిస్టు క్రైస్తవులు. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది. శాంత ఎనిమిదో తరగతి దాకా చదివి, ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పేది. పెళ్ళి చర్చిలో చేస్తామన్నారు. మా అవ్వ రెండు రోజులు ఏడ్చి ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు.

పెళ్ళికి ముందురోజు తమ్ముడు టాక్సీ స్టాండుకు వచ్చాడు. నా అంబాసిడర్ డిక్కీ మీద చెయ్యి ఆనించి నిలబడి, "అన్నా, రేపు నీ కార్లనే పోదాం" అన్నాడు.

"నా కారుకు చెయ్యి పెట్టకు" అన్నాను. నలుగురు డ్రైవర్లు వింటుండగా అన్నాను.

వాడు చెయ్యి తీసేశాడు.  సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

ఆ తర్వాత వాడు శాంత వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోయాడు. అవ్వను చూడటానికి మాత్రం నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. నేను ఇంట్లో ఉంటే నాతో మాట్లాడడు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అవ్వకు చెబుతాడు. "అవ్వా, ఆయనకు చెప్పు, ముందల టైరు అరిగింది" అంటాడు. నేను మూడడుగుల దూరంలో అన్నం తింటూ ఉంటాను. "ఆయన" అనేవాడు. అన్న అనే మాట వాడి నోట మళ్ళీ వినలేదు. నేను కూడా పిలవలేదు. పెద్దవాణ్ణి కదా, వాడే దిగి రావాలనుకున్నాను.

ఏడాదిన్నర ఇట్లాగే గడిచింది.

ఒక వానాకాలం పొద్దున, బావిలో దింపిన ఇంజన్‌ను పైకి తీయబోయి, నాచు పట్టిన మెట్టు మీద లింబాద్రి జారి పడ్డాడు. తల రాతికి తగిలింది. నాకు కబురు అంది, నేను బోధన్ చేరేసరికి అంతా అయిపోయింది. వాడికి ఇరవై ఆరేళ్ళు. ఆసుపత్రి నుంచి ఊరికి నా కారులోనే తెచ్చాం. పెళ్ళి తర్వాత వాడు నా కారు ఎక్కింది ఆ ఒక్కసారే.

అప్పటికి శాంతకు మూడో నెల.

వారానికొకసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. బియ్యమో, మందులో ఇచ్చి, ఇంటి ముందర అరుగు మీద కాసేపు కూర్చునేవాణ్ణి. శాంత నన్ను ఒక్క మాట అనలేదు. "బావా, చాయ్ తాగి పో" అనేది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

నెలలు నిండాయి. చెరకు కొట్టే రోజులు. ఒకనాడు పొద్దున పదింటికి వాళ్ళ ఊరి మనిషి బస్సులో వచ్చి, స్టాండులో నన్ను వెతికి పట్టుకున్నాడు. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందట, బోధన్‌లో కాదు, నిజామాబాద్ పెద్దాసుపత్రికే తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పిందట. ఆ మనిషిని ఎక్కించుకుని అప్పుడే బయలుదేరాను. పన్నెండు దాటేసరికి శాంతను వెనక సీటు మీద పడుకోబెట్టి, తల వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టించి, నిజామాబాద్ వైపు తిరిగాను.

బోధన్ దాటి ఎడపల్లి ఇంకా రాకముందే వెనక టైరు పోయింది. దిగి చూస్తే ఎద్దు గిట్టకు కొట్టే నాడా మేకు, మొదలంటా దిగి ఉంది. చెరకు బండ్లు తిరిగే రోజుల్లో ఆ రోడ్డు మీద అది మామూలే. స్టెప్నీ మారిస్తే పది నిమిషాల పని.

కానీ డిక్కీ తెరుచుకోలేదు.

దాని కొక్కెం రెండేళ్ళుగా సతాయిస్తోంది. పిడి తిరుగుతుంది గానీ లోపల కొక్కెం వదలదు. మోకాలితో మూత అదిమి పిడి తిప్పితే వచ్చేది. ఆ రోజు రాలేదు. ఎన్నిసార్లు అదిమినా రాలేదు. స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ లోపలే. కాలితో తన్నాను. రాయితో కొట్టాను. రెండు చెరకు బండ్లు ఆగాయి. ముందు బండి తోలుతున్న పెద్దమనిషి గడ్డపార తెచ్చి సందులో పెట్టి ఎత్తాడు. మూత అంచు వంగింది, కొక్కెం మాత్రం కదలలేదు.

బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. ఇంకోటి గంట దాకా లేదు. ఇంకో కారు కనబడలేదు. అట్లా ఇరవై నిమిషాలు పోయాయి. అప్పటిదాకా లోపల నుంచి శాంత మూలుగు వినబడుతూ ఉండేది. అది ఆగిపోయింది. 

"బావా" అని పిలిచింది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కళ్ళు మూసుకునే ఉంది. ముఖమంతా చెమట. గొంతు మాత్రం మామూలుగా ఉంది. ఇంట్లో ఒకరు చెప్పిన కబురు ఇంకొకరికి అందించినట్టు చెప్పింది.

"ఎనుక సీటు లేపుమంటున్నడు. కుడి దిక్కు మూలకు తీగ ఉన్నదట. మెల్లగ గుంజాల్నట. జోరుగ జటక ఇస్తే తెగుతదట."

"ఎవరు?" అన్నాను.

"ఈయననే. 'అన్నకు చెప్పు' అంటున్నడు."

వాళ్ళమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

నేను కిటికీ పట్టుకునే ఉన్నాను. బండి పెద్దమనిషి భుజం తట్టి, "ఆమె ఏదో చెప్తున్నది గదనే, చేసి సూడరాదు" అన్నాడు. ఆయనే తన గొంగడి తెచ్చి బండి నీడలో పరిచాడు. నలుగురం పట్టి శాంతను దాని మీదికి దింపాం. వెనక సీటు పట్టుకుని పైకి లేపాను.

కుడివైపు మూలన రేకుకు చిన్న రంధ్రం ఉంది. అందులో నుంచి సైకిల్ బ్రేకు తీగ ఒకటి బయటికి వచ్చి ఉంది. నా కారులో అటువంటిది ఉందని నాకు తెలియదు. తీగ చివర ఇంజన్‌కు వాడే వాషర్ ఒకటి కట్టి ఉంది. వేలు కోసుకుపోకుండా దానికి ఖాకీ గుడ్డ పీలిక చుట్టి ఉంది.

వాషర్‌లో వేలు పెట్టి మెల్లగా లాగాను. వెనక టక్కుమని చప్పుడైంది. డిక్కీ దగ్గర నిలబడ్డ బండి పెద్దమనిషి, "వచ్చింది" అన్నాడు.

టైరు మార్చాను. నట్లు బిగిస్తుంటే కళ్ళ నీళ్ళకు నాకు ఏమీ కనబడలేదు. చేతులే ఆ పని చేశాయి. నిజామాబాద్ ఎట్లా చేరానో ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోయేవారని డాక్టరమ్మ చెప్పింది.

వారం తర్వాత, నా బండికి ఎప్పుడూ పని చేసే మెకానిక్ ఖాజా భాయ్ దగ్గరికి వెళ్ళి సీటు ఎత్తి చూపించాను. ఆయన తీగను చూసి తల వంచుకున్నాడు.

"లింబాద్రి పనే అన్నా. బ్రేకుల కోసం నీ కారు నా దగ్గర రెండు దినాలు ఉండె, యాదికి ఉన్నదా? అప్పుడు అవ్వను చూడవచ్చి నా షెడ్డుకు వచ్చిండు. డిక్కీ సతాయిస్తున్నదని నేనే మాటల మధ్యల చెప్పిన. మధ్యాహ్నం అంత సీటు ఇప్పేసి కూసున్నడు. ఏం చేసినవ్రా అంటే, చూస్తే తెలుస్తదిలే అన్నడు. అన్నకు చెప్పకు అని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు."

"వాడు పోయినంక అయినా చెప్పకపోతివి" అన్నాను.

"చెప్దామనే అనుకున్న. నీ మొఖం చూసినంక నోరు రాలె."

లెక్క చూసుకుంటే అది వాడు పోవడానికి పదిహేను రోజుల ముందు. చెయ్యి పెట్టవద్దన్న కారుకు, నేను లేని పూట వచ్చి, నాకు ఇబ్బంది కాకుండా ఆ తీగ బిగించి వెళ్ళాడు. ఖాజా భాయ్ షెడ్డులో ఆ సీటు పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఆయన నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి, షట్టరు సగం దించాడు.

కాబట్టి తీగ సంగతి తేలింది. తేలనిది శాంత సంగతి.

భార్యే కదా, వాడు ఆమెకు చెప్పే ఉంటాడు, ఆ నొప్పుల్లో ఆ మాట గుర్తుకు వచ్చి ఉంటుంది, అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెలివైనవాడు ఎవడైనా అట్లాగే అనుకుంటాడు. కానీ ముందే తెలిసి ఉంటే, ఇరవై నిమిషాలు మేము డిక్కీని బాదుతుంటే వింటూ ఎందుకు ఊరుకుంటుంది? వాళ్ళమ్మను అడిగాను. తనకు ఏ గొంతూ వినబడలేదని చెప్పింది. మాట్లాడే ముందు శాంత మాత్రం ఎవరో చెబుతుంటే వింటున్నట్టు రెండు మూడుసార్లు తల ఊపిందట.

శాంతను అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది. పాపను మా అవ్వకు చూపించడానికి కంఠేశ్వర్ ఇంటికి వచ్చినప్పుడు అడిగాను.

"నీకు ముందుగాల ఎప్పుడన్న చెప్పిండా అమ్మా, తీగ సంగతి?"

"చెప్పలె బావా. నీ కారు దగ్గరికి పోయిన సంగతే నాకు తెల్వదు. తెలిస్తే ఆనాడే నీకు చెప్తుంటి. మీరిద్దరు ఎప్పుడు మాట్లాడుకుంటరా అని నేనే కదా ఎదురు చూసింది."

"మరి ఆనాడు ఎట్ల వినబడ్డది?"

"ఇప్పుడు నీ మాట ఎట్ల వినబడుతున్నదో గట్లనే. గాబరా లేదు, ఏం లేదు. పనిల ఉన్నప్పుడు మాట్లాడినట్టె మాట్లాడిండు."

అవ్వ లోపల పాపకు నీళ్ళు పోస్తోంది. శాంత తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా అంది.

"ఆర్నెల్లకు ఒక్కసారి వచ్చిండు బావా. ఎట్లున్నవ్ శాంతా అని గూడ అడుగలె. నీకు చెప్పుమన్న ముచ్చట చెప్పి పోయిండు."

 లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆ రోజు ఆ కారులో మా లింబాద్రి ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. ఉండి ఉంటే మాత్రం, శాంతతో ఒక్క మాట మాట్లాడి పోవాల్సింది.