కళ్ళు మూసుకుని మాట్లాడే మనిషి

మా తోటికోడలు ఫోన్‌లో కళ్ళు మూసుకుని మాట్లాడేది. మానవపాడులో ఒకే అరుగు మీద ఇద్దరం మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళం. బొంబాయి పనికి పోయిన మా మగవాళ్ళిద్దరూ మధ్యాహ్నం అన్నాలవేళ ఫోన్ చేసేవాళ్ళు. నాకు వీడియో కాల్, ఆమెకు బటన్ల ఫోన్. మా ఆయన ముఖం కనిపిస్తున్నా రెండు నిమిషాల్లో మాటలైపోయేవి. ఆమె మాత్రం నవ్వుతూనే ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

"కండ్లెందుకు మూస్తవే?" అన్నాను ఒకరోజు.

"తెరిస్తే మిరపకాయలే కనవడ్తయి అక్కా. మూస్తే ఆయన కనవడ్తడు."

మర్నాడు మా ఆయన ఫోన్ చేయగానే నేనూ కళ్ళు మూసుకున్నాను.

"ఏందే, గిప్పుడు నిద్రేంది? సరే, పండుకో" అని పెట్టేశాడు.

కళ్ళు తెరిచాను. అరుగు చివర ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.