మొదటి గుక్క

నర్సింగం చెడ్డవాడు కాదు, అనుమానం మనిషి. ఆ అనుమానం కూడా పుట్టుకతో వచ్చింది కాదు, సూరత్ నేర్పింది. సిరిసిల్ల నుంచి వయసులో ఉండగా వచ్చి, ఇక్కడ ఖాతా అని పిలిచే పవర్‌లూమ్ షెడ్డులో జీవితమంతా మగ్గాలు నడిపాడు. మగ్గం ఒకటే, మనుషులు ఇద్దరు. పగలొకడు, రాత్రొకడు. షిఫ్టు మారేటప్పుడు బట్ట మీద సుద్దతో గీత గీసి, పక్కన తన గుర్తు పెట్టి దిగిపోవాలి. గీతకు అవతల పోగు తెగినా మరక పడినా అది అవతలివాడి పాపం. బట్టలో ఏ తప్పు దొరికినా నర్సింగం నోటి నుంచి వచ్చే మాట ఒకటే, "ఇది రాత్రోడు చేసిన పని." పగలు మగ్గంలో తను బిగించింది వాడు వదులు చేసేవాడు, వాడు వదులు చేసింది మళ్లీ తను బిగించేవాడు. ఏం చేశావని వాణ్ణి అడిగింది లేదు, ఏం చేశానో వాడికి చెప్పింది లేదు.

కాళ్లు మొరాయించాక పని మానేసి సూరత్‌లోనే నవాగామ్‌లో రెండు గదుల ఇంట్లో కూర్చున్నాడు. మగ్గం లేదు కదా, అనుమానానికి ఇక సెలవే అనుకున్నారంతా. ఎక్కడిది! కోడలు సుమన దొరికింది.

అది కరోనా రెండో ఏడు. కొడుకు రవీంద్ర రోగం ఇంటికి మోసుకురాకూడదని కడోదరాలో ఖాతా దగ్గరే పడుకుంటున్నాడు. ఇంట్లో మిగిలింది నర్సింగం, ఆయన భార్య బాలవ్వ, సుమన, మనవరాలు రుచిత. బాలవ్వకు మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచేది, రుచితను పట్టుకుని సుమనా అని పిలిచేది. ఇలా కాదని సుమన ఫోన్‌లో డాక్టర్‌కు చూపించింది. పద్మిని అనే ఆ డాక్టరమ్మ తెలుగామె, హజీరా వైపు కంపెనీ కాలనీలో ఉంటుంది. అంతకుముందు ఆదివారాలు నవాగామ్‌కు వచ్చి మనవాళ్లను చూసేది, లాక్‌డౌన్‌తో అదంతా ఫోన్ మీదికి మారింది.

రుచిత ఫోన్ పట్టుకుంటే డాక్టరమ్మ బాలవ్వను చాలాసేపు మాట్లాడించింది. చివర్లో, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"ఏం లేవు మేడం," అంది సుమన.

పక్కనే ఉన్న నర్సింగం కిక్కురుమనలేదు. మందు ఉంది. అది ఆయన చేతిలోనే ఉంది. అంతకు రెండేళ్ల ముందు సిరిసిల్ల పోయినప్పుడు బాలవ్వకు నడుము చుట్టూ సర్పి లేచి నీటిపొక్కులు పోశాయి. నాటువైద్యంగా వాటి మీద జాజు ఎర్రమట్టితో బొమ్మ రాయించారు, పొక్కులు మాడిపోయాయి. కానీ మంట పోలేదు. చీర కొంగు తగిలినా అమ్మా అని మూలిగేది. అక్కడి డాక్టర్ నరాల నొప్పికి రాత్రిపూట వేసుకోమని ఒక చిన్న మాత్ర రాశాడు. అది వేసుకున్న రోజే ఆమె కళ్లు మూసేది. అప్పటి నుంచి ఆ మాత్ర నర్సింగం సొంత వ్యవహారం. మాత్ర అంటే ఆమె మొహం తిప్పుకుంటుందని, పొడి చేసి రాత్రి పాలలో కలిపి తానే తాగించేవాడు. మాడిపోయిన సర్పి పేరు ఇంట్లో ఎత్తితే మళ్లీ లేస్తుందని వాళ్ల భయం, అందుకని కోడలికీ చెప్పలేదు. అసలు సంగతి చెప్పాలంటే, తన షిఫ్టులో తను చేసేది ఇంకొకరికి చెప్పే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

అలా పొద్దున డాక్టరమ్మ రాసిన మతిమరుపు మాత్ర సుమన చేతి మీదుగా చాయ్‌తో, రాత్రి నొప్పి మాత్ర నర్సింగం చేతి మీదుగా పాలతో బాలవ్వ కడుపులోకి పోతూ వచ్చాయి.

మతి బాగుపడాల్సింది పోయి ఇంకా చెదిరింది. నోరు పిడచకట్టుకుపోయేది. బాత్రూంలోకి పోయి ఒంటికి రాక అలాగే నిలబడేది. గోడ మీద ఎవరో ఆడమనిషి కూర్చుందని చేయి చాపి చూపించేది. ఒకరోజు గడప దగ్గర తూలి పడింది. ఇంకో పొద్దున నర్సింగం దగ్గరికి వచ్చి, ఆయన్ని ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసి, గొంతు తగ్గించి అంది, "అన్నా, నాకు ఏందో కలిపి పెడుతున్నరు. జర చూడు."

కట్టుకున్నది అన్నా అని పిలిచినందుకు నర్సింగం గుండె కలుక్కుమంది. ఆ బాధలోంచే కోపం లేచింది. కలిపేది ఎవరు? వంటగది ఎవరిది? మాత్ర ఎవరు తెచ్చారు? అది తిన్నప్పటి నుంచే కదా ఇదంతా! కోడలు అత్త పీడ వదిలించుకోవాలని చూస్తోందని తీర్మానించేశాడు. ఇక ఆ రోజు నుంచి కంట్లో వత్తులేసుకుని సుమన చేతుల వెంటే తిరిగాడు. ఆమె పప్పులో ఉప్పు వేసినా మెడ సాచి చూసేవాడు. మాస్కు కట్టుకుని పక్కింటామెతో మాట్లాడితే మాస్కు వెనక నవ్వుతోందని అనుకునేవాడు.

ఒక పొద్దున సుమన చాయ్ తెచ్చి అత్త చేతికి ఇవ్వబోతే అడ్డం నిలబడ్డాడు.

"ముందుగాల నువ్వు తాగు."

"ఏంది మామా?"

"తాగుమన్న. నా ముంగట ఒక్క గుక్క తాగి, ఆమెకియ్యి."

సుమన మొహం మాడిపోయింది. తాగింది.

"మింగినవా? ఏది, నోరు తెరువు."

ఆమె నోరు తెరిచి చూపించింది. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారాయి. "మీకు గింత అన్నం పెట్టిన చేయి మామా ఇది," అని లోపలికి పోయింది. మర్నాటి నుంచి అడగకముందే ఒక గుక్క తాగి నోరు తెరిచి చూపించి మరీ ఇచ్చేది. అది చూసి మనసు కరగాల్సింది పోయి, ఇంత సులువుగా తాగుతోందంటే విషం చాయ్‌లో కాదు, మాత్రలోనే ఉందని ఆయనకు రూఢి అయింది.

ఆంక్షలు కాస్త సడలి డాక్టరమ్మ మళ్లీ ఆదివారాలు వస్తోందని తెలిసింది. నర్సింగం సుమన డబ్బాలోంచి మాత్రల పట్టీ తీసి జేబులో వేసుకుని ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ఇది చెడ్డ మందని ఆమె ఒక్క మాట అంటే చాలు, రవీంద్రకు ఫోన్ చేసి కోడల్ని భీవండిలో పుట్టింటికి తోలించేయాలి. అదీ ఆయన పథకం.

పద్మిని పట్టీ చూసి, "ఇది నేను రాసిందే బాబాయ్. మంచి మందే," అంది.

"గిది తిన్నకాడికెళ్లి నన్ను గుర్తు పడుతలేదమ్మా! గోడ మీద ఎవరో కూసున్నరంటది. నోరెండుతది, ఒంటికి వస్తలేదు."

డాక్టరమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "అవి సాధారణంగా ఈ మాత్రతో వచ్చేవి కావండీ. ఇంకేం ఇస్తున్నారు?"

నర్సింగం ఒంటికాలి మీద లేచాడు. మంచి మందంటే ఏమిటో చదువుకున్నామెకు తనే చూపించాలనుకున్నాడు. లోపలి జేబులోంచి తన పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. "మందంటే గిట్లుండాలె. రెండేండ్ల సంది నా చేతులతోని ఇస్తున్న. పిలగానోలె నిద్రపోతది."

ఆమె రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టి పేర్లు చదివింది.

"రోజూ ఎన్ని?"

"మొదలు ఒకటే. మంట తగ్గుతలేదని ఈ నడుమ రెండు చేసిన."

"ఎవరు చేయమన్నారు?"

"ఎవరెందుకు, నేనే."

"బాబాయ్, పొద్దుటి మాత్ర మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చే రసాన్ని నిలబెడుతుంది. రాత్రి మాత్ర ఆ రసాన్ని పని చేయనివ్వదు. మీరు చెప్పిన నోరెండడం, ఒంటికి ఆగడం, లేని మనుషులు కనిపించడం ఈ రాత్రి మాత్రతో వస్తాయి. పెద్దవాళ్లకు, అందులోనూ మతిమరుపు ఉన్నవాళ్లకు మరీ." ఆమె గొంతు మెత్తబడింది. "ఒక్కసారిగా ఆపకండి, ఎలా తగ్గించాలో రాసిస్తాను. రేపే ఆమెను మా ఆసుపత్రికి తీసుకురండి, గుండె పరీక్ష కూడా చేయిద్దాం. మంటకు వేరే దారి చూద్దాం. ఇంతకీ మీ కోడలికి ఈ మాత్ర సంగతి తెలుసా?"

నర్సింగం తల అడ్డంగా ఊపాడు. పగలు ఒకరు బిగిస్తే రాత్రి ఒకరు వదులు చేయడం ఆయనకు కొత్త కాదు. జీవితమంతా తిట్టిపోసిన ఆ రాత్రివాడు ఈసారి తానే.

ఇంటికొచ్చి రెండు పట్టీలనూ సుమన ముందు పెట్టి, తలెత్తకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం అయ్యాక, "తప్పయింది బిడ్డా," అన్నాడు.

సుమన ఆ చిన్న మాత్రల పట్టీని చేతిలోకి తీసుకుంది. "అత్తమ్మ నాకు చెప్పింది మామా. ఆ ముసలోడు రాత్రి పాలల్ల ఏందో కలుపుతుండని ఎన్నిసార్లు చెప్పిందో. మతి లేక అంటుందనుకున్న." ఆమె ఏడ్చింది. తన కోసం కాదు. "మన ఇంట్ల మతి ఉన్నది ఆమెకొక్కదానికే."

మాత్ర తగ్గిస్తూ తగ్గిస్తూ మాన్పించారు. గోడ మీది ఆడమనిషి మళ్లీ కనిపించలేదు. బాలవ్వ ఇప్పటికీ గిన్నె పొయ్యి మీద మరిచిపోతుంది, కానీ నర్సింగాన్ని అన్నా అనడం లేదు. మంట లేచినప్పుడు సుమన డాక్టరమ్మ ఇచ్చిన పూత మందు రాస్తుంది. మంట పూర్తిగా పోలేదు, దాన్ని చూస్తూ ఊరుకోవడం నర్సింగానికి అన్నిటికంటే కష్టంగా ఉంది.

రాత్రి పాలు మాత్రం ఇప్పటికీ ఆయనే తెస్తాడు. ఉత్త పాలు. బాలవ్వ గ్లాసు వాసన చూసి, ఆయన మొహంలోకి తేరిపార చూస్తుంది.

"ఏం కలిపినవ్?"

"ఏం కలుపలే బాలవ్వా. ఒట్టు."

ఆమె చేయి చాపదు. అవతల చీరకు లేసు కుడుతున్న సుమన తల ఎత్తదు, సాయానికీ రాదు. నర్సింగం గ్లాసు తన పెదాలకు ఆనించుకుని మొదటి గుక్క తాను తాగుతాడు.

"మింగినవా?" అంటుంది బాలవ్వ.

ఆయన నోరు తెరిచి చూపిస్తాడు.