సమ్మె రోజుల్లో నేను వేసిన ముగ్గు

నా చిన్నతనాన్ని బొమ్మల పుస్తకంగా గీస్తున్నాను. పేజీకి నాలుగు గడులు, గడికో బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు. మొదటి పేజీ నిండా మిలిటరీ రైలే. రేణిగుంట రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన పిల్లకు యుద్ధమంటే అదే మరి. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆగిన రైలు కిటికీల్లోంచి సిపాయిలు చేతులు చాపుతుంటే అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ పులిహోర పొట్లాలు అందించేవాళ్లు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో నాకు తెలియదు. అది మా ఊరి మీదుగా పోతోందని మాత్రం ఒకటే గర్వం. ఒక సిపాయి నాకు బిస్కెట్టు ఇచ్చాడు. అందరికీ చూపించాలని రెండు రోజులు తినకుండా దాచాను, చీమలు తినేశాయి.

ఆ తర్వాత పేజీలన్నీ సమ్మె. యుద్ధం అయిపోయాక మూడో వేసవిలో, డెబ్బై నాలుగులో, దేశమంతా రైళ్లు ఆపేస్తారన్న మాట మొదలైంది. మా నాయన ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు, యూనియన్ మనిషి.

"సమ్మె అంటే ఏంది నాయనా?" అని అడిగాను.

"రైలు నిలబెట్టేది."

"ఎవురు నిలబెట్టేది?"

"మేమే."

నాకు ఒళ్లు పులకరించింది. అంత పెద్ద ఇంజన్ని మా నాయన నిలబెడతాడని ఆ సాయంత్రమే క్వార్టర్సంతా తిరిగి చెప్పి వచ్చాను. అమ్మ నా చెవి మెలిపెట్టి, "నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా" అంది. ఇక అప్పటినుంచి ఇంట్లో ముఖ్యమైన సంగతులేవీ నా చెవిన పడనివ్వలేదు. జరగబోయే దానికంతా అదే మూలం.

రైళ్లు నిజంగానే ఆగిపోయాయి. ఏదో ఒకటీ అరా తప్ప పట్టాల మీద కదలిక లేదు. ఇంజను కూతలు వినే పాలు కాచుకుని, అన్నం వండుకునే ఆడవాళ్లకు టైము తెలియక ఇల్లిల్లూ తిరిగి గడియారం అడిగేవాళ్లు. మేము పిల్లలం పట్టాల మీద చేతులు చాచి నడిచాం, సిగ్నలు స్తంభం ఎక్కాం, తుప్పు పట్టకముందే పట్టాలు మావైపోయాయని కేకలు పెట్టాం. అంత సంబరమైన వేసవి సెలవులు మళ్లీ రాలేదు నాకు.

మూడో రోజు నుంచి మగవాళ్లు కనిపించకుండా పోయారు. నాయన కూడా వెళ్లిపోయాడు. దొరికితే జైలు, జైలైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పెద్దవాళ్లు ఈ మూడు మాటలే తిప్పి తిప్పి మాట్లాడుకునేవాళ్లు. మా వరస చివర టీ బంకులో ఇద్దరు మనుషులు పొద్దస్తమానం కూర్చునేవాళ్లు. లుంగీలు కట్టుకున్నారు గాని కాళ్లకు బూట్లు. పోలీసులని కుక్కలకు కూడా తెలుసు.

అమ్మకూ నాయనకూ మధ్య ఒక ఏర్పాటు ఉండేది. నాకు తెలిసింది తర్వాత, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. నాయన తలపాగా చుట్టుకుని, సైకిల్‌కి పాల క్యాను కట్టుకుని, తెల్లవారాక మా వరసలోంచి పోయేవాడు. వాకిట్లో ముగ్గుంటే లోపలికి రావచ్చు. వాకిలి బోసిగా ఉంటే ఆగకుండా తొక్కుకుంటూ పోవాలి.

ఆ ఇద్దరూ ఒక్కరోజూ కదలలేదు. కాబట్టి అమ్మ ఒక్కరోజూ ముగ్గు వెయ్యలేదు. వరసలో పన్నెండు ఇళ్లుంటే పదకొండు వాకిళ్లు ముగ్గులతో కళకళలాడేవి, మాదొక్కటే ఎవరో పోయిన ఇల్లులా ఉండేది. ఎందుకు వెయ్యలేదని అడిగితే "పిండి అయిపోయినాది" అనేది. రోజూ అదే జవాబు. నాకు తల కొట్టేసినట్టుండేది.

పదిహేడో రోజో, పద్దెనిమిదో రోజో, అమ్మ బిందెలు తీసుకుని పంపు దగ్గరికి పోగానే, అమ్మ అడగమందని చెప్పి పక్కింట్లోంచి కొబ్బరి చిప్పెడు ముగ్గుపిండి అడిగి తెచ్చాను. నీళ్లు చల్లి, చుక్కలు పెట్టి, గీతలు కలపడం మొదలుపెట్టాను. అచ్చం అమ్మ వేసినట్టే వస్తోందని నాలో నేనే మురిసిపోయాను. టీ గ్లాసు పట్టుకుని అటు వచ్చిన బూట్ల మనిషి కూడా నిలబడి చూసి, "బాగా ఏస్తాండావు పాపా" అని మెచ్చుకుని పోయాడు.

కాసేపటికి పాల సైకిలు వచ్చింది. పాలాయన ఒక కాలు నేలకు ఆనించి ముగ్గుకేసి చాలాసేపు చూశాడు. టీ బంకు వైపు చూశాడు. నన్ను చూశాడు. తర్వాత సైకిలు గోడకు ఆనించి, "పాలు కావాల్నా?" అన్నాడు.

ఆ గొంతు వినగానే "నాయనా" అని వీధి దద్దరిల్లేలా అరిచి మీదికి దూకాను. ఆయన నన్ను ఎత్తుకున్నాడు. గడ్డం గుచ్చుకుంటోంది, నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ ఇద్దరూ పరుగెత్తుకొచ్చి రెండు వైపులా నిలబడేదాకా నాకేమీ అర్థం కాలేదు.

"ఉండండప్పా, పాపను దించనీండి" అన్నాడు నాయన.

అమ్మ నీళ్లబిందెతో వచ్చేసరికి ఆయన్ని తీసుకుపోతున్నారు. అమ్మ ముగ్గును చూసింది, నన్ను చూసింది. బిందె దించి, కాలితో ముగ్గు చెరిపేసింది.

సాయంత్రం యూనియన్ వాళ్లు ఇద్దరొచ్చి, ఆయన ముగ్గు చూసే వచ్చాడా, ఎవరు వేశారని గట్టిగా అడిగారు. ఏర్పాటు సంగతి నాకు తెలిసింది అప్పుడే. నోరు తెరవబోయేసరికి అమ్మ నా భుజం నొక్కి పట్టుకుంది.

"నేనే. ఏదో ద్యాసలో ఏసినా" అంది.

ఆ మాట కాలనీ అంతా పాకింది. క్వార్టరు పోకుండా చూస్తామని పోలీసులు ఆశ పెడితే మొగుణ్ని పట్టిచ్చిందన్నారు. పంపు దగ్గర అమ్మ వంతు వస్తే ఆడవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. అమ్మ బిందె నింపుకుని వచ్చేసేది. నిజం నేనూ చెప్పలేదు, భయంతో.

సమ్మె ముగిసిన కొన్నాళ్లకు నాయనను వదిలేశారు. బస్సు దిగి నడిచొచ్చాడు, మనిషి సగమయ్యాడు. అమ్మ రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. ఆయన రెండో ముద్ద తుంచేలోపు నేను ఎదురుగా కూలబడి అంతా కక్కేశాను. ముగ్గు వేసింది నేనే అని.

"తెలుసు" అన్నాడు నాయన, నములుతూనే. "ఆ పొద్దే తెలుసు. మీ అమ్మ గీత యాడా వంకర పోదు. నీ ముగ్గులో ఒక పక్క ఏడు సుక్కలు, ఇంకో పక్క ఎనిమిది."

పొయ్యి దగ్గర అమ్మ లేచి నిలబడింది. "తెలిసే వచ్చినావా నువ్వు?"

నాయన కంచంలోకి చూశాడు. "అన్ని దినాలు ఈ వాకిలి సూసుకుంటా పోయినా మే. ఆ పొద్దు పాప ఆడ కూసోనుండాది, సేతుల నిండా పిండి. సైకిలు ముందుకు పోలా."

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాయన నాకోసమే వచ్చాడు, జైలని తెలిసి కూడా వచ్చాడు. ఎగిరి గంతేద్దామనుకున్నదాన్ని కట్టేసినట్టు అమ్మ మొహం చూసి ఆగిపోయాను.

"లెయ్" అంది అమ్మ. "ఈ మాట నాకు గాదు, బయటికొచ్చి సెప్పు."

తింటున్న చెయ్యి కడుక్కోనివ్వలేదు. రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. పదకొండు ఇళ్లు. ప్రతి వాకిట్లోనూ నాయన, చేతికి సంగటి ఎండిపోతుండగా, తప్పు ఆమెది కాదనీ, తెలిసి తెలిసి తనే వచ్చాననీ చెప్పాడు. నేను వెనకాలే గంతులేస్తూ పోతున్నాను. మూడో ఇంటి దగ్గర ఆయన "మా ఆడమనిషి..." అని మొదలుపెడితే అమ్మ ఆపేసింది.

"పేరు పెట్టి సెప్పు" అంది.

మా వైపు మగవాళ్లు పెళ్లాన్ని పేరుతో పిలవరు. నాయన గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లోనూ, మిగిలిన ఎనిమిది ఇళ్లలోనూ పేరు పెట్టే చెప్పాడు. ఆయన నోట అమ్మ పేరు నేను వినడం అదే మొదలు.